నాలుగు పాఠాలు తక్కువ

ఇరవై తొమ్మిదేళ్లు విమానాలు నడిపి, నడుంనొప్పి మొండికేశాక, మాస్టారు అదే కంపెనీ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పడానికి కుదురుకున్నారు. అవి నల్లబల్ల పాఠాలు కావు. పెద్ద షెడ్డులో ఇనుప కాళ్ల మీద నిలబడ్డ తెల్లటి పెట్టె ఒకటుంది. లోపల అడుగుపెడితే అచ్చం విమానంలో పైలట్లు కూర్చునే గదే. తుఫానులు, మంటలు, గాల్లో ఆగిపోయే ఇంజన్లు, అన్నీ షెడ్డు దాటకుండానే చూపిస్తుంది.

ఆయన రోజుల్లో ఉద్యోగం ఇచ్చిన కంపెనీయే ఆ విద్యా నేర్పించేది. ఇప్పుడు పద్ధతి మారింది. చేతిలో లైసెన్సున్నా సరే, ఈ పెద్ద విమానం నేర్చుకునే ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. పది పాఠాలు, ఆపైన ఒక పరీక్ష. నెగ్గితే ఉద్యోగం. పది చాలకపోతే మళ్లీ కొనుక్కోవాలి.

ఆ ఏడాది ఆయన దగ్గరికి ఇద్దరు జంటగా వచ్చారు. ఒకామెకు ముప్పై దాటాయి, నాలుగేళ్ల కూతురుంది. పీలగా ఉండేది. సీటు ఎంత ముందుకు జరుపుకున్నా మెడ చాచి చూడాల్సి వచ్చేది. "నన్ను పిచ్చుక అనండి మాస్టారూ, అందరూ చాటుగా అనేదేగా" అని మొదటి రోజే నవ్వేసింది. రెండోవాడు కలిగినవాళ్ల బిడ్డ. షెడ్డులో వాళ్లందరికీ యువరాజు. పేరుకే గానీ గర్వం లేదు. పిచ్చుక నోట్సు చూసి రాసుకునేవాడు, ఆమెకు కాఫీ తెచ్చి ఇచ్చేవాడు.

"మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని మాస్టారు ఒకసారి అడిగారు.

"ప్రింటింగ్ ప్రెస్సండీ. రెండు మెషిన్లుండేవి. ఒకదాని మీద ఆయన పనిచేస్తున్నాడు, రెండోదాని మీద నేను ఎగురుతున్నాను."

అర్థమయ్యేసరికి మాస్టారి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పుస్తకంలో పిచ్చుకకు తిరుగులేదు. ఏ దీపం ఎందుకు వెలుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. గొడవంతా ఒక్క చోటే వచ్చేది. విమానం నేల వదులుతున్న క్షణంలో మాస్టారు వెనక నుంచి మీట నొక్కి ఒక ఇంజన్ ఆపేస్తారు. ముక్కు పక్కకు లాగేస్తుంది. అప్పుడు కాలి కింది పెడల్ తొక్కి దాన్ని నిలబెట్టాల్సింది పాదం. పిచ్చుకకు పాదం కన్నా ముందు చేతులు కదిలేవి. పాదం కదిలేది గానీ ఒక్క రెప్పపాటు ఆలస్యంగా. ఆ రెప్పపాటులో రెక్క వాలిపోయేది.

యువరాజు సంగతి అంతకన్నా అధ్వానం. అతను ఏకంగా తప్పు వైపు పెడల్ తొక్కేవాడు.

మాస్టారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆయన కూడా ఒకప్పుడు ఇదే పాఠంలో బోల్తాపడ్డవాడే. అప్పటి గురువుగారు ఆయన్ని మరో ఏడుసార్లు ఆ సీట్లో కూర్చోబెట్టారు. ఏడోసారి పాదం దానంతటదే కదిలింది. ఆ ఏడింటికీ ఎవరూ ఆయన్ని పైసా అడగలేదు.

పదో పాఠంలో పిచ్చుక ఐదుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లు నిలబెట్టింది, రెండుసార్లు కూలింది. మాస్టారు బయటికొచ్చి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమెకు ఇంకో నాలుగు పాఠాలు, అతనికి కనీసం పది.

యువరాజు వరండాలోనే ఫోన్ తీశాడు. "నాన్నా, ఇంకో పది కావాలట." అవతల నుంచి ఏం వినిపించిందో గానీ, "సరే నాన్నా, ఉంటాను" అని పెట్టేశాడు. పిచ్చుక కుళాయి దగ్గర నిలబడి, కడిగిన గ్లాసునే మళ్లీ మళ్లీ కడుగుతూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఉన్న ఒక్క మెషిన్ కూడా అమ్మేస్తానంటున్నాడండీ. నేనే వద్దన్నాను. పిల్లకి అన్నం పెట్టేది అదొక్కటే. మా ఆయన విజిటింగ్ కార్డులు కూడా వేసేశాడు మాస్టారూ. నా పేరు, కింద పైలట్ అని. తొందరపాటు మనిషి." నవ్వబోయి మానేసింది. "మీరు పరీక్షకు పంపండి. ఐదింటికి మూడు వస్తున్నాయి కదా. ఆ రోజు నా అదృష్టం బాగుంటే నెగ్గుతాను. మిగతాది పనిలో పడ్డాక నేర్చుకుంటాను."

"పనిలో పడ్డాక నీ వెనక నూట ఎనభై మంది కూర్చుంటారమ్మా."

"తెలుసండీ."

"ఆ మిగిలిన రెండుసార్లు వాళ్ల వంతు అయితే?"

ఆమె తల వంచుకుంది. వాదించలేదు. వాదించి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

"నాలుగే నాలుగు. నేను కనుక్కుంటాను, ఉండు" అని ఆయన మేనేజర్ దగ్గరికి వెళ్లారు. వయసులో చిన్నవాడే, మర్యాదస్థుడు.

"ఉదయం పూట పెట్టె ఖాళీగానే ఉంటోంది కదా బాబూ. ఆ పాఠాలు నేను ఊరికే చెబుతాను."

"ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు మాస్టారూ."

"పోనీ నా జీతంలో పట్టుకోండి."

"పరీక్షకు పంపే మీరే ఫీజు కడితే రేపు నలుగురూ ఏమంటారు? మీ మంచితనం నాకు తెలుసు, కాగితానికి తెలీదు కదా."

ఆ మాటలో అబద్ధం లేదు మరి.

పిచ్చుకను పరీక్షకు పంపే కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు. విషయం చెప్పినప్పుడు ఆమె, "మీరు అడిగారు, అది చాలండీ" అంది. గేటు బయట భర్త కూతుర్ని ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. ఆమె నడక చూడగానే అతనికి అర్థమైపోయింది. బిడ్డను రెండో భుజానికి మార్చుకుని, ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు. ముగ్గురూ బస్టాపు వైపు వెళ్లిపోయారు.

యువరాజు పంతొమ్మిదో పాఠంలో దారికొచ్చాడు. పదికి పదిసార్లు విమానాన్ని గీత గీసినట్టు నిలబెట్టాడు. మాస్టారు సంతకం పెట్టారు. అది దొంగ సంతకం కాదు, కుర్రాడు నిజంగానే నేర్చుకున్నాడు. అదే ఆయన్ని లోలోపల తినేసింది. పంతొమ్మిది పాఠాల్లో అతనికి వచ్చిన విద్య పద్నాలుగింటిలో ఆమెకు వచ్చేది. ఆ మాటే ఒక కాగితం మీద రాసి పైవాళ్లకు పంపారు: ఈ ఇద్దరిలో మెరుగైన పైలట్‌ని మనం ఇంటికి పంపేశాం, చేతకాక కాదు, కొనుక్కోలేక. జవాబు రాలేదు.

ఇంట్లో ముద్ద దిగేది కాదు. భార్య చూసి చూసి ఒకనాడు అడిగేసింది. "మీరేమైనా తప్పు చేశారా?"

"లేదు."

"మరి ఎందుకిలా కుమిలిపోతారు?"

"తప్పు చేసి ఉంటే దిద్దుకునేవాణ్ణి కదే."

ఏడాది తిరగ్గానే ఆయన ఆ కొలువు మానేశారు.

మరో ఏడాదికి అన్నయ్యకు ఒంట్లో బాగోలేదని కబురొస్తే విమానంలో బయల్దేరారు. విమానం దూరంగా ఆగి ఉండటంతో ప్రయాణికుల్ని బస్సెక్కించారు. ముందు డోరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డారాయన.

"మాస్టారూ, బాగున్నారా?"

డ్రైవర్ సీట్లో పిచ్చుక. కంపెనీ చొక్కా, మెడలో కార్డు. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

"నువ్వా అమ్మా..."

"ఏడు నెలలైందండీ. పాపను బళ్లో వేశాం. ఈ బస్సు మామూలు బస్సు కాదు మాస్టారూ, రెక్కల కింద తిప్పుకోవాలి. నెల రోజులు వాళ్లే నేర్పారు. ఆ నెలకి జీతం కూడా ఇచ్చారు." గేరు మార్చింది. "మొదటిసారి పరీక్ష తప్పానండీ. ఇంకో వారం కూర్చోబెట్టి నేర్పి, మళ్లీ పెట్టారు."

ఎత్తిపొడవడానికి అన్న మాట కాదది. చాన్నాళ్లకు కనబడ్డ పెద్దాయనకు తన కబుర్లు చెబుతోంది, అంతే.

"నీ లైసెన్సు?"

"గడువు తీరిపోయిందండీ. మళ్లీ రాయించుకోవాలంటే..." చెయ్యి గాల్లో ఇలా తిప్పి ఊరుకుంది.

బస్సు మెట్ల పక్కన ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"అమ్మా, ఆ రోజు నేను..."

"మీరు చేసింది సరైనదే మాస్టారూ. నాకు అప్పుడే తెలుసు." మొదటిసారి ఆయన వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లున్నాయి. "దిగండి. మీ వెనక జనం ఆగిపోయారు."

ఆయన దిగి మెట్లెక్కారు. పైమెట్టు మీద నిలబడి చూస్తే, ఖాళీ బస్సు రెక్క కింద నుంచి మెల్లగా తిరిగి, మిగిలినవాళ్ల కోసం వెనక్కి పోతోంది. సీటు నంబరు చూపించమని తలుపు దగ్గర అమ్మాయి రెండుసార్లు అడిగింది. ఆయనకు వినబడలేదు.