రెండో తుపాకి

ఆర్డిత్ గుర్రాలకు లాడాలు కొట్టి బతికే మనిషి. ఓక్లహామా పడమటి మూలన, డ్రైఫోర్క్ చుట్టుపక్కల గుర్రం ఉన్న ప్రతి ఇంటికీ ఆమె పికప్ బండి తెలుసు. నడుం విరిగే ఆ పని ఆడదానికెందుకని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు ఎప్పుడొస్తావని ఫోన్లు చేసి బతిమాలుతుంటారు. అయితే ఆ వేసవిలో ఆమె నడుముకి కుడిపక్కన ఒక పిస్తోలు కూడా చేరింది.

అందుకు కారణం రాయ్స్. చెల్లెలు మార్నా మొగుడు. మార్నా ఒంటిమీద దెబ్బలు కమిలిపోయి కనబడ్డ రోజున ఆర్డిత్ కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పింది. చెల్లెల్ని రాత్రికి రాత్రి వేరే రాష్ట్రానికి దాటించింది. రాయ్స్ ఆ ఇద్దరి దరిదాపులకి రాకూడదని కోర్టు ఆజ్ఞ వేసి, అతని ఇంట్లో ఉన్న తుపాకులన్నీ స్వాధీనం చేసుకుంది. మార్నా ఎక్కడుందో ఇప్పుడు ఆర్డిత్ ఒక్కదానికే తెలుసు. ఆ సంగతి రాయ్స్‌కీ తెలుసు. సంతలో ఎవరితోనో అన్నాడట, "మా వదిన నోరు ఎప్పుడో ఒకప్పుడు తెరవకపోతుందా" అని.

ఆ ఉదయం వంటింటి బల్ల దగ్గర, చిక్కటి గ్రేవీ పోసుకున్న మెత్తటి రొట్టె బిస్కెట్ల పళ్ళెం పక్కనే, తండ్రి వెండెల్ ఒక చిన్న రివాల్వర్‌ని గుడ్డలో చుట్టి పెట్టాడు. వెండెల్ ముప్పై ఏళ్ళు పోలీసు పని చేసి దిగిపోయినవాడు. మోకాళ్ళు సహకరించకపోయినా ఉదయాన్నే బూట్లు తొడుక్కోకుండా కాఫీ తాగడు.

"ఇదేంటి నాన్నా?"

"కళ్ళు కనబడట్లేదా? జేబులో వేసుకో."

"ఉన్నదొకటే వంగినప్పుడల్లా డొక్కలో పొడుస్తోంది. ఇంకోటి ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా?"

"ఒంటి కన్ను కన్నూ కాదు, ఒంటి తుపాకి తుపాకీ కాదు. నాది ఒకసారి మొరాయించింది. ఆ రోజు కాలికి రెండోది కట్టుకుని ఉండకపోతే..."

"నేను తండ్రిలేని పిల్లనయ్యేదాన్ని. తెలుసు. నువ్వు చెప్పినప్పుడల్లా ఆ దొంగవెధవ ఒక జానెడు పొడుగవుతున్నాడు."

వెండెల్ నవ్వలేదు. "కాలికి వద్దులే, గుర్రం తన్నేది అక్కడే. ఎడమ జేబులో పెట్టుకో. కుడిచెయ్యి పోతే ఎడమచెయ్యి ఉండాలి."

"కుడిచెయ్యి ఎందుకు పోతుంది?"

"పోయాక తెలుస్తుందమ్మా ఎందుకు పోయిందో." గుడ్డచుట్టని ఆమె వైపు జరిపాడు. "ఇంకో మాట. తీశావా, ఇక మాట్లాడకు. మాట్లాడేదానివైతే తియ్యకు."

ఆర్డిత్‌కి ఆ మాటలన్నీ ముసలాయన చాదస్తంలా అనిపించాయి. ఒక ఆయుధం మోస్తే జాగ్రత్త, రెండు మోస్తే పిరికితనం అని ఆమె లెక్క. పైగా ఎక్కడ జారిపోతుందో, ఏ పిల్లాడి చేతికి చిక్కుతుందో అని రెండింటికీ కాపలా కాయాలి. అయినా ఆయన నోరు మూయించడానికి దాన్ని జేబులో పడేసుకుని బయల్దేరింది. దారిలో తీసి బండి అరలో పెట్టేద్దామనుకుంది. కానీ ఆ రోజు పని ఒప్పుకున్న ఓపల్ గారి గేటు దాటేసరికే ఆ పెద్దావిడ వాకిట్లో నిలబడి చెయ్యి ఊపుతోంది. ఆవిడ ముందు రెండో తుపాకి బయటికి తీయడానికి ఆర్డిత్‌కి సిగ్గేసింది. తోలు ఏప్రాన్ కట్టుకుని అలాగే గుర్రపుసాలలోకి నడిచింది.

మధ్యాహ్నం గాలి రేకుల కప్పుని ఒకటే దడదడలాడిస్తోంది. ఎర్రమచ్చల ఆడగుర్రాన్ని గుంజకి కట్టి, మూడు కాళ్ళకి లాడాలు పూర్తిచేసి, వెనక ఎడమకాలిని ఒళ్ళోకి తీసుకుని లాడానికి మేకులు దిగగొడుతోంది ఆర్డిత్. ఓపల్ గారు చల్లటి టీ తెస్తానని ఇంట్లోకి వెళ్ళారు. అందుకే వెనక అడుగుల చప్పుడు వినబడితే ఆర్డిత్ తల కూడా ఎత్తలేదు.

"ఆ బోర్లించిన బకెట్ మీద పెట్టండమ్మా," అంది.

నడుం దగ్గర ఒరలోంచి ఏదో జారినట్టయింది. కుడిపక్క బరువు ఒక్కసారిగా తేలికైపోయింది.

"లేవకు వదినా. ఆ కాలు వదలకు."

మెడ తిప్పి చూసింది. రాయ్స్ గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చర్చికి బయల్దేరినవాడిలా ఉన్నాడు. అతని చేతిలో ఉన్నది ఆమె పిస్తోలే.

"సుత్తి కింద పడెయ్."

పడేసింది. ఆడగుర్రం బరువంతా ఆమె తొడల మీద ఆనింది. కుడిచెయ్యి ఖాళీ. ఎడమచెయ్యి గిట్టని పట్టుకుని ఉంది. ఎడమ జేబులోని ఇనుము తొడకి ఒత్తుకుంటోంది, కానీ గిట్ట వదిలితే తప్ప అక్కడికి చెయ్యి పోదు. వదలొద్దన్నాడు. తెలిసి అన్నాడో, ఊరకే అన్నాడో.

"మార్నా ఎక్కడుంది?"

"చెప్పను రాయ్స్."

"నేనేం చెయ్యను దాన్ని. ఒక్కసారి కూచుని మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయి. మా పెళ్ళినాడు నాతో డాన్సు చేస్తూ నువ్వే కదా అన్నావు, మా చెల్లి కోపం అగ్గిపుల్ల, వెలిగి ఆరిపోతుంది, నువ్వే ఓర్చుకోవాలి అని."

"అన్నాను. దాని కోపం గురించే అన్నాను. నీ చేతుల గురించి నాకప్పుడు తెలీదు."

పిస్తోలు కొన ఒక్కసారి వణికింది. గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి, తొడ కండరం ఒకటి అదురుతోంది. ఇంకాసేపట్లో కాలు లాక్కుంటుంది. ఆ భయంలోంచే ఆమెకి ఉపాయం తట్టింది.

"చూడు, మేకు మొనలు గిట్ట బయటికొచ్చి ఉన్నాయి. ఇది కాలు గుంజుకుందంటే నా తొడ చీరుకుపోతుంది. నెత్తురు కారి నేను పడిపోతే నీకు చెప్పేవాళ్ళుండరు. కాలు కింద పెట్టనీ."

రాయ్స్ చిన్నప్పటినుంచీ గుర్రాల మధ్య తిరిగినవాడు. మొనలు చూశాడు, నిజమేనని తెలుసుకున్నాడు.

"మెల్లగా పెట్టు."

గిట్టని నేలకి ఆనించి, మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. నడుం పట్టేసినవాళ్ళు నిలబడ్డట్టే ఎడమచెయ్యి నడుముకి ఆనించి మూలిగింది. అది నటన కాదు, నిజంగానే నొప్పి. అక్కడినుంచి చెయ్యి ఏప్రాన్ కిందికి, జేబులోకి జారింది. రాయ్స్ కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. తుపాకి ఆమె దగ్గర ఒకటే ఉందని అతని నమ్మకం. ఆ ఒక్కటీ అతని చేతిలోనే ఉంది.

వేళ్ళకి పిడి తగిలింది. ఆ తగిలిన మరుక్షణం ఆమెలోని దడ ఒక పక్కకి ఒత్తిగిలింది. ధైర్యం వచ్చిందనలేం. తొందర తగ్గిందంతే. ఇతన్ని మాటల్లో పెట్టొచ్చు, కాసేపు ఏడవనివ్వొచ్చు, ఇతను అలిసిపోయి ఆ పిస్తోలు దించేదాకా ఆగొచ్చు. తీయకుండానే ఇది గడిచిపోవచ్చు.

"రాయ్స్, నువ్వు భోంచేశావా?" అంది.

అతను తెల్లబోయాడు. "ఏంటీ?"

"ముఖం పీక్కుపోయింది. ఎప్పుడు తిన్నావు?"

రాయ్స్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిస్తోలు జానెడు కిందికి దిగింది. "ఇల్లంతా దాని బట్టలే వదినా. వంటింట్లోకి పోలేకపోతున్నాను," అన్నాడు.

అప్పుడే ఇంటి జాలీతలుపు కొట్టుకున్న చప్పుడైంది. ఓపల్ గారు వస్తున్నారు. కూజాలో మంచుముక్కలు గలగలమంటున్నాయి.

దిగిన పిస్తోలు గిర్రున తిరిగి సాల గుమ్మం వైపు లేచింది. రాయ్స్ గొంతు మారిపోయింది. "పంపించెయ్ ఆవిణ్ణి."

"ఓపల్ గారూ," అని కేకేసింది ఆర్డిత్. "టీ వద్దండీ, లోపలికెళ్ళండి. గుర్రం బెదిరి ఉంది, రావొద్దు."

"ఆఁ, చక్కెర వేశానమ్మా," అని జవాబొచ్చింది. ఆవిడకి చెవులు సరిగా వినబడవు. చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. రాయ్స్ గుమ్మంకేసి ఒక అడుగు వేశాడు. చెయ్యి తిన్నగా చాచి ఉంది, ఇప్పుడు వణకడంలేదు. గుమ్మం బయట నేలమీద ఓపల్ గారి నీడ పడింది.

ఆర్డిత్ రివాల్వర్ బయటికి తీసింది. తీస్తే మాట్లాడకన్న తండ్రి మాట ఆమెకు గుర్తుంది. అయినా ఆ ఇస్త్రీ చొక్కా వీపు మీద కాల్చడానికి చెయ్యి రాలేదు.

"రాయ్స్, కింద పెట్టు."

అతను తిరిగాడు. అతనికంటే ముందు పిస్తోలు తిరిగింది. ఆర్డిత్ మీట నొక్కింది.

ఎక్కడ గురిపెట్టిందో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకు గుర్తురాలేదు. రాయ్స్ కూలిపోతుంటే అతని చేతిలోది కూడా పేలి కప్పు రేకులోంచి దూసుకుపోయింది. ఆడగుర్రం తాడు తెంపుకుని ఎండలోకి పరుగెత్తింది. గుమ్మంలో కూజా భళ్ళున పగిలింది. ఓపల్ గారు పగిలిన గాజు మధ్య నిలబడి, "ఏమైంది, ఏమైంది" అని అదే మాట తిప్పి తిప్పి అడుగుతున్నారు.

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండమ్మా," అంది ఆర్డిత్. తన గొంతు తనకే ఎక్కడినుంచో వినబడింది.

పిస్తోలుని కాలితో గడ్డిలోకి తన్ని, రాయ్స్ పక్కన కూలబడింది. తొడ పైభాగాన తగిలింది. గుర్రాల కాళ్ళకి చుట్టే గుడ్డపట్టీ తీసి, మోకాలు ఊని, తన బలమంతా పెట్టి బిగించి కట్టింది. రాయ్స్ పెదాలు పాలిపోయాయి. ఆమె చేతిపక్కన పడి ఉన్న చిన్న రివాల్వర్‌ని చూశాడు.

"నీ దగ్గర ఇంకోటుందా వదినా," అన్నాడు నెమ్మదిగా. "నాకు తెలీదే."

"మాట్లాడకు. ఊపిరి తీసుకో."

సాయంత్రానికి పోలీసులు రెండు తుపాకులూ సంచుల్లో వేసి పట్టుకుపోయారు. ఆమెను అడగాల్సినవన్నీ మర్యాదగానే అడిగారు. ఓపల్ గారు తాను చూసింది చూసినట్టు చెప్పారు. కబురు విని వెండెల్ వచ్చాడు. ఆయన కింద పనిచేసి ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్న ఒక అధికారి, గేటు దగ్గర తండ్రీకూతుళ్ళిద్దరికీ ఒక సంగతి చెప్పాడు.

"వాడి బండంతా వెతికాం సార్. ఆయుధమన్నది లేదు, చాకు కూడా లేదు. సీటు మీద మార్నాగారి చలికోటు ఒకటి మడతపెట్టి ఉంది. కింద ఒక తాడు చుట్ట. కోటు తిరిగిచ్చేద్దామని తెచ్చానన్నాడు. తాడు ఎందుకంటే మాట్లాడలేదు."

ఇంటికి వెళ్ళేదారిలో వెండెల్ బండి నడుపుతున్నాడు.

"రెండోది లేకపోతే ఈపాటికి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు ఆయన.

"అవును నాన్నా. కానీ మొదటిది లేకపోతే వాడి చేతిలో ఏముండేది?"

"తాడుండేది."

"తాడుతో వచ్చేవాణ్ణి సుత్తితో ఆపగలను."

"ఆపగలవా?"

ఆపగలదో లేదో ఆమెకే తెలియదు. గిట్ట ఒళ్ళో పెట్టుకుని వంగి ఉన్నప్పుడు మెడకి తాడు పడితే ఏమయ్యేదో ఊహించడానికి ప్రయత్నించి మానేసింది.

"ఇకమీద నడుముకి పెట్టుకోను," అంది చివరికి. "అది బయటికి కనబడుతుంటే వాడు భయపడతాడనుకున్నాను. అది ఎక్కడుందో వాడికి నేనే చూపించినట్టయింది. చిన్నది తిరిగిచ్చాక అదొక్కటే ఉంచుకుంటాను. ఉందని ఎవరికీ తెలియక్కర్లేదు."

ముప్పై ఏళ్ళు నడుముకి తుపాకి కనబడేలా తిరిగిన మనిషి వెండెల్. "ఒక్కటి మొరాయిస్తే?" అని ఆయన నాలిక చివరిదాకా వచ్చి ఉంటుంది. కూతురి చేతుల మీద ఆరిపోయిన నెత్తురు చూసి ఆ మాట మింగేశాడు.

ఇంటికెళ్ళాక చేతులు మోచేతులదాకా కడుక్కుని, వరండాలో కూచుని చెల్లెలికి ఫోన్ చేసింది. జరిగిందంతా మెల్లగా చెప్పింది. మార్నా మధ్యలో ఒక్కమాటా అడ్డురాలేదు. అంతా విన్నాక మాత్రం ఒకటే అడిగింది.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. నడుస్తాడని కూడా అంటున్నారు."

అటువైపు దూరంగా అడుగుల చప్పుడు, ఏదో లోహం రాసుకున్న చప్పుడు, మళ్ళీ దగ్గరగా ఊపిరి.

"ఏడుస్తున్నావా?" అంది ఆర్డిత్.

"లేదక్కా. తలుపు గడియ వేసొచ్చాను."

"పిచ్చిదానా, వాడు ఆసుపత్రిలో పోలీసుల మధ్య ఉన్నాడే. అక్కడినుంచి జైలుకే. ఇప్పట్లో ఎక్కడికీ రాడు."

"తెలుసు," అంది మార్నా. "నువ్వు చెప్తూనే ఉన్నావుగా. అయినా నా కాళ్ళు అటే వెళ్ళాయి."