బ్రహ్మయ్య గారి చెయ్యి

స్వాతంత్య్రం వచ్చేస్తోందంటున్న ఆ ఏడు గురజాల దగ్గర ఒక ఊళ్ళో కొత్త చావిడి కట్టారు. దాని గోడమీద ఇంటికొక చెయ్యి అచ్చు వేయించాలన్నది తాపీ మేస్త్రీ మన్సూర్ ఆలోచన. "పేర్లొద్దు, కులాలొద్దు. తడి సున్నంలో కుడిచెయ్యి నొక్కి పొండి. రేపు మనవళ్ళొచ్చి చూస్తే ఏది ఎవురిదో తెలవగూడదు" అన్నాడట. కరణంగారు కూడా మాలపల్లి చేతుల పక్కనే నొక్కాడట.

ఈ కబుర్లన్నీ పనిమనిషి రాఘవమ్మ మోసుకొచ్చినవే. చావిడి నాలుగిళ్ళ అవతలే ఉన్నా, కాపురానికొచ్చిన పద్దెనిమిదేళ్ళలో బుల్లెమ్మ వీధి గడప దాటలేదు. పెద్దింటి కోడళ్ళు దాటరు. ఆ గోడ ఒక్కసారి చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది.

"నన్నోపాలి తీసకపోండి" అని మొగుణ్ణి అడిగింది.

"నువ్వు చూడకపోతే గోడ కూలిద్దా?" అన్నాడు బ్రహ్మయ్య.

మర్నాడే ఆయన బండిమీంచి పడ్డాడు. చక్రం తలపక్కనుంచి పోయింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి విరిగి, వేళ్ళదాకా వెదురుబద్దల కట్టు పడింది. గోడమీద ఆయన ఇంటి చోటొక్కటే ఖాళీ. ఎడమచెయ్యి పెడితే ఊరు ఉమ్మేస్తుంది. అసలు పెట్టకపోతే, అందరి పక్కనా చెయ్యి పెట్టడానికి రోసి దొంగకట్టు కట్టుకున్నాడంటారు ఎదుటి పార్టీవాళ్ళు. బిడ్డలా, లేరు.

ఆలోచించి ఆలోచించి మన్సూర్‌ని పెరటి దోవన పిలిపించాడు. నాపరాయి పలకమీద తడిసున్నం మెత్తి తెచ్చాడతను. అచ్చు పడగానే పలకను ఆ ఖాళీలో బిగించేస్తే ఎవరికీ తెలియదు.

"ఏమే, నా బదులు నీ చెయ్యి నొక్కు" అన్నాడు బ్రహ్మయ్య పెళ్ళాంతో.

"గోడకాడికొచ్చి నొక్కుతా."

"పలక ఇంటికొచ్చిందిగదే!"

నిజమే. చీరలు ఇంటికే వచ్చేవి, గాజులు ఇంటికే వచ్చేవి. చివరికి చావిడి గోడ కూడా ముక్కై ఇంటికే వచ్చింది.

"మణికట్టుదాకా దిగాల వదినా, లేకపోతే మిగతాయాటితో కలవదు" అన్నాడు మన్సూర్.

"గాజులు తియ్యవే" అన్నాడు బ్రహ్మయ్య.

"మీరు బతికుండగానా?"

ఆయన కట్టు వంక చూసుకున్నాడు. "నొక్కి చావు!"

బుల్లెమ్మ ఒంటి బరువంతా ఆనించి నొక్కింది. చెయ్యి తీసేసరికి అరచేతి కింద నాలుగు గాజుల గీతలు స్పష్టంగా దిగి ఉన్నాయి.

మన్సూర్ తాపీ అందుకున్నాడు. "గాజులు చెరపమంటావా అన్నా? నీ నోటితో చెప్పు."

"తీసకపో ఇక్కణ్ణించి" అన్నాడు బ్రహ్మయ్య.

మర్నాడు రాఘవమ్మ నవ్వలేక కడుపు పట్టుకుని వచ్చింది. "ఊరు ఊరంతా ఆ చేతికాడే ఉందమ్మా! అన్ని చేతుల్లో ఎవురిదో తెలిసింది నీదొక్కటే. ఆడోళ్ళయితే ఆ గీతల్లో తమ గాజులు ఆనించి చూసుకుంటన్నారు."

"ఎంత ఎత్తున పెట్టాడే?" అడిగింది బుల్లెమ్మ.

"నీ బుజమంత."

బ్రహ్మయ్య వీధి తలుపు గడియ వేయించాడు. కట్టు విప్పేదాకా ఊరికి మొహం చూపించనన్నాడు. వారం తిరిగేసరికి నట్టింట్లో అటూ ఇటూ తిరిగి, "ఊపిరాడటంలేదే ఈ కొంపలో" అని విసుక్కున్నాడు.

బుల్లెమ్మ విసనకర్ర తెచ్చి ఆయన ఎడమచేతికిచ్చింది.

"అలవాటైపోద్దిలెండి" అంది.