పూత రాలిన ఏడు

టాస్మేనియాలో, టేమర్ నది పక్కన మా మామగారి ద్రాక్షతోట రెండు ముక్కలైంది. గాలి తగలని వెచ్చటి కింది ముక్క మా బావ క్లైవ్‌కి వచ్చింది. పైముక్క అతని చెల్లెలు, నా భార్య హేజెల్‌ది. అక్కడ తలమీద టోపీ నిలవదు.

ఆ ఏడు డిసెంబరులో, ఇక్కడ ఎండలు ముదరాల్సిన సమయానికి, చలివాన పట్టుకుంది. కింది తోట అప్పటికే పిందె కట్టేసింది. మా పైతోట మాత్రం అప్పుడే విచ్చిన పూతతో వానకి దొరికిపోయింది. సగం పువ్వు పిందె పడకుండానే రాలింది. జనవరికల్లా మా గుత్తుల్లో కాయ ఒకటిక్కడ, ఒకటక్కడ.

క్లైవ్ టీ తాగడానికి వచ్చి, తోటంతా తిరిగి చూశాడు.

"ఏమే హేజెల్, ఇవి గుత్తులా, పళ్లూడిన దువ్వెనలా?"

"ముందు నీవి చూసుకో అన్నయ్యా. కాయకీ కాయకీ మధ్య సూది దూరే సందు లేదు. కొన్ని గుత్తులు కోసి పారెయ్. ఆకు పల్చన చెయ్యి, గాలాడుతుంది."

"విన్నావా బావా? కాసిన కాయని పారెయ్యమంటోంది నీ పెళ్లాం."

"మీ ఇద్దరి మధ్యా నేను రాను," అన్నాను.

ఫిబ్రవరి ఎండకి రెండు తోటలూ రంగు తిరిగాయి. మార్చి చివర్లో మళ్లీ ముసురు. క్లైవ్ టీకి రావడం మానేశాడు. వాన తెరిపివ్వగానే హేజెల్ కత్తెర తీసుకుని కిందికి బయల్దేరింది, వెనకే నేను.

అతను సాళ్ల మధ్య తడినేల మీదే కూర్చుని ఉన్నాడు. చేతిలో గుత్తి పైకి నిగనిగలాడుతోంది. విడదీసి చూపించాడు. లోపల బూడిదరంగు బూజు.

అన్నని దులిపేస్తుందనుకున్నాను. హేజెల్ ఓ మంచి కాయ తెంపి నోట్లో వేసుకుంది.

"ఇంకా పులుపుంది. ఎర్ర వైన్‌కి పనికిరాదు గానీ, షాంపేన్‌లాంటి నురుగు వైన్ చేసేవాళ్లకి కావలసింది ఈ పులుపే. బూజు పట్టనివన్నీ ఇవాళే కోసేద్దాం."

"మరి నీ తోటో?"

"మాది పల్చటి గుత్తి. తడిసినా గాలికి ఆరిపోతోంది. అది ఆగుతుంది. నువ్వు లే ముందు."

చీకటి పడేదాకా ముగ్గురం కోశాం. సగానికి పైగా దక్కింది. పక్క ఊళ్లో నురుగు వైన్ చేసే ఆవిడ ఆ కాయ రుచి చూసి, ఉన్నదంతా పంపించమంది. మర్నాటి నుంచి క్లైవ్ మళ్లీ టీకి రాసాగాడు.

ఏప్రిల్లో ఆకాశం తేటపడింది. పగలు ఎండ, రాత్రి చలి. పైతోటలో కాయ చిన్నదే గానీ నల్లగా, తీయగా పండింది. కోత రోజు అందరికంటే ముందు క్లైవే వచ్చాడు, గొర్రెమాంసం కూరి కాల్చిన పైలు బుట్టనిండా పట్టుకుని. ఓ కాయ నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఎలా ఉంది?" అంది హేజెల్.

"ఉండవే, ఇంకోటి తిని చెబుతా."

"కొయ్యడానికొచ్చావా, మెయ్యడానికొచ్చావా?"

మధ్యాహ్నానికి అతని సాలు సగం కూడా అవలేదు. పైలు మాత్రం అయిపోయాయి.