కింద పిట్ట

గువ్వల వేటకు మొదటి షరతు కనిపించకపోవడం. అందుకే మా మామగారు ఎలియాస్ నాలుగేళ్ల నా కూతురు మారిసెల్‌కు ఎండిన పొద్దుతిరుగుడు రంగు చొక్కా, టోపీ కొన్నారు.

"ముఖం పైకెత్తకు తల్లీ. కదలకు, పలక్కు. అప్పుడు గువ్వకి నువ్వూ ఓ ఎండు మొక్కవే."

"నేనంటే సరే తాతా, మరి నీ పొట్టో?"

"అది దిబ్బ అనుకుంటుందిలే."

నా భర్త నెస్టర్ నవ్వుకుంటూ కంచె అవతలి మూలకు వెళ్లాడు. మామగారు తన కుక్కతో ఇంకో మూలకు నడిచారు. నేనూ మారిసెల్ ముళ్ల తుమ్మ నీడలో కూర్చున్నాం. ఎండిన పొద్దుతిరుగుడు చేను చుట్టూ పదిమందికి పైగా వేటగాళ్లు ఉన్నారని తెలుసు. ఒక్కరూ నాకు కనిపించలేదు. మధ్యాహ్నం ఎండ తగ్గాక పశువుల గుంటలో నీళ్లకు గువ్వలు దిగసాగాయి. ఎండు పొదలు తుపాకులై పేలుతున్నాయి.

ఒక గువ్వ మా ఎదుటి సాళ్లలో పడింది. "నేను తెస్తా," అంది మారిసెల్. "తాత కుక్క తెస్తుందిలే," అన్నాను. డబ్బాలో నీళ్లు వంచి తలెత్తేసరికి పక్కన పిల్ల లేదు.

లేచి నిలబడ్డాను. చేనంతా ఒకటే రంగు, పిల్లదీ అదే రంగు. కాడలు ఎక్కడ కదిలినా గాలో, నా బిడ్డో తెలియడం లేదు. పేరుపెట్టి అరిచాను. నా గొంతు తుపాకుల మోతలో కలిసిపోయింది. ఒక గువ్వ కాడల మీదుగా తక్కువ ఎత్తున వచ్చింది. దాని వెనకే ఒక తుపాకీ గొట్టం నెమ్మదిగా కిందికి తిరగడం చూశాను.

అంతలో అవతల ఎవరో "కింద పిట్ట" అని కేకేశారు. ఆ గొట్టం ఆగి ఆకాశంవైపు లేచింది. తక్కువ ఎత్తున వచ్చే పిట్టను కాలిస్తే గుళ్లు ఎదుటివాడికి తగులుతాయి, అందుకే ఆ కేక వింటే ఎవరూ కాల్చరు. గువ్వ వెళ్లిపోగానే మళ్లీ పేలుళ్లు మొదలయ్యాయి.

నేనూ అదే కేకేశాను. "కింద పిట్ట. కింద పిట్ట." ఊపిరి అయిపోయేదాకా ఆపలేదు. ఒకరి నుంచి ఒకరికి కేక పాకింది. చేను నిశ్శబ్దమైంది.

"ఎక్కడమ్మాయ్ పిట్ట?" అని మామగారు అరిచారు.

"పిట్ట కాదు మామయ్యా, మన పిల్ల. సాళ్లలో ఉంది."

తుపాకులు మధ్యకు మడిచి తూటాలు తీస్తూ మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. నేను కాడలు తోసుకుంటూ పరిగెత్తాను. మారిసెల్ టోపీ ముఖం మీదికి లాక్కుని, చచ్చిన గువ్వను ఒళ్లో పెట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది. ఆ గొట్టం తిరిగిన చోటికి ఎదురుగానే.

"ఎందుకే పలకలేదు?"

"పలికితే పిట్టలు పారిపోతాయిగా," అని గుసగుసలాడింది.

దాన్ని భుజాల మీద ఎక్కించుకున్నాను. చేను నడిమధ్యగా నడిచాను. గుంటకు వస్తున్న గువ్వల గుంపు మమ్మల్ని చూసి పక్కకు మళ్లింది.

"అమ్మా, దింపు. మనం కనిపిస్తున్నాం."

"కనిపించనీ," అన్నాను.