ఓర్చుకోకండి, అయిలా

"ఒక్క వెంట్రుక కూడా రాలలేదు. నిన్ను చూసి ఎవరైనా జబ్బుమనిషి అనుకుంటారా?" అన్నాడు మా ఆయన ఆర్వో, నేను యాలకుల రొట్టెలకి పిండి కలుపుతుంటే. మెచ్చుకోలే అది. మర్నాడు అతని అరవయ్యో పుట్టినరోజు. చుట్టాలందరినీ పిలిచాడు.

నాకు కిడ్నీ క్యాన్సర్. ఒక కిడ్నీ తీసేశారు. ఊపిరితిత్తులకి పాకిన గడ్డల కోసం మా ఔలు పట్నం ఆసుపత్రిలో ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు. మొదటిరోజే డాక్టర్ సల్మేలా పక్కన కూర్చుని చెప్పింది: "మీ ఒంట్లో కాపలా కణాలు గడ్డ దాకా వస్తూనే ఉంటాయి. 'నేను మనింటిదాన్నే' అని అది వాటిని ఊరుకోబెడుతుంది. ఈ మందు ఆ మాట వాటి చెవిన పడనివ్వదు. కాకపోతే, రెచ్చిపోయిన కాపలా ఒక్కోసారి మంచి పేగుల మీదా పడుతుంది. విరేచనాలు పట్టుకుంటే ఓర్చుకోకండి, అయిలా. వెంటనే రండి."

ఓర్చుకోవద్దని అంతకుముందు నాతో ఎవరూ అనలేదు. మూత్రంలో రక్తం పడ్డప్పుడు మా అత్తగారు, "ఈ వయసులో ఆడవాళ్ళకి ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది, దానికింత హడావుడా" అన్నారు. వేసవంతా నోరు మూసుకుని గడిపాను. గడ్డ పెరిగింది అప్పుడే.

ఆరోజు మధ్యాహ్నం, సాల్మన్ సూపు పొయ్యి మీద ఉండగా, మళ్ళీ రక్తం కనిపించింది. ఈసారి విరేచనంలో. ఆర్వోతో చెప్పాను.

"రేపు సాయంత్రం దాకా ఆగలేవూ? అందరూ వస్తున్నారు."

"వెంటనే రమ్మంది డాక్టరు."

"వాళ్ళలాగే అంటారు. ఏదో మాత్ర వేసుకో."

మాత్ర కోసం అల్మరా తెరిచాను కూడా. చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయింది. తలుపు మళ్ళీ మూసేశాను. పొయ్యి ఆర్పి టాక్సీ పిలిచాను. ఆర్వో కిటికీలోంచి చూశాడు, బయటికి రాలేదు. ముక్కూమొహం తెలియని డ్రైవరు నా సంచీ అందుకుంటే ఏడుపొచ్చింది.

ఆసుపత్రిలో చూసి, పెద్దపేగు వాచిందన్నారు. స్టెరాయిడ్లు ఎక్కించారు. గడ్డలు తగ్గాయట, కానీ ఇమ్యునోథెరపీ మందు ఆపాలి, మళ్ళీ మొదలుపెట్టగలమో లేదో చెప్పలేమంది సల్మేలా. ఆ మాట పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. అంతలో ఆర్వో ఫోన్.

"పెద్ద కాఫీ కెటిల్ ఎక్కడ పెట్టి చచ్చావు?"

చెప్పాను. పెట్టేశాడు. మళ్ళీ చేసి ఎలా ఉన్నావని అడుగుతాడేమోనని ఫోన్ కాసేపు చేతిలోనే ఉంచుకున్నాను.

ఇంటికి పంపేరోజు, ఆసుపత్రి పక్క వసతిగృహంలో గది ఇప్పించమని నర్సుని అడిగాను.

"ఒక్కరే ఉండగలరా?" అంది ఆ అమ్మాయి.

"ఇన్నేళ్ళూ ఉన్నానుగా," అన్నాను.