పద్నాలుగు ఖాళీ గడులు

పెద్దమ్మకు సన్మానం చేయాలని మా కాలనీ సంఘం సెక్రటరీకి బుద్ధి పుట్టినప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. అది నాకు చేతకాదు. ఒట్టి జ్ఞాపిక ఇచ్చి పంపితే ఏం బాగుంటుంది, ఆవిడ పుస్తకం అచ్చు వేయించి ఇంటికొకటి పంచండి అని సలహా ఇచ్చింది నేనే.

పెద్దమ్మ ఎవరికీ సొంత పెద్దమ్మ కాదు. నలభై ఏళ్లుగా, ఆసుపత్రిలో ఎవరికి రక్తం కావాల్సి వచ్చినా పైసా తీసుకోకుండా మనిషిని వెతికి తెచ్చి కూర్చోబెట్టింది. అందుకోసం ఒక లావుపాటి రిజిస్టరు రాసుకుంది. ఇంటికొక పేజీ, మనిషికొక గడి, గడిలో రక్తం గ్రూపు. రెండు వందల పైచిలుకు ఇళ్లలో పద్నాలుగు గడులు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

పాపం, వయసు మీద పడి మర్చిపోయి ఉంటుందన్నాడు సెక్రటరీ. అవి మనమే నింపి, అచ్చు పుస్తకం సభలో ఆవిడ చేతిలో పెడదామని, అప్పటిదాకా పొక్కనివ్వొద్దని అన్నాడు. బట్టల కొట్టు నడిపిన మనిషి. రక్తం ఎర్రగా ఉంటుందన్నంత వరకే ఆయనకు తెలుసు. నేను ఇరవై ఏళ్లుగా ల్యాబులో ఆ పరీక్షలే చేస్తున్నాను. సెక్రటరీ రోజుకు రెండేసి చీటీలు పంపేవాడు. వాటి మీద ఇంటి నంబరు, మనిషి వివరం, అంతే. నేను వేలు పొడిచి, గ్రూపు రాసి, చీటీ ప్రెస్సుకు పంపేదాన్ని. మొదట వచ్చిన పదమూడు మందీ మగవాళ్లే, పదమూడు మందీ పిల్లల తండ్రులే. అదైనా నా మట్టిబుర్రకు తట్టలేదు.

మధ్యలో పెద్దమ్మ ల్యాబుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. బల్ల మీది చీటీల వైపే చూస్తూ గుమ్మంలో నిలబడింది.

"చూసి ఇస్తామని పట్టుకెళ్లారు. నా పుస్తకం ఎక్కడుందమ్మాయ్?"

"అట్ట ఊడిపోయింది కదా పెద్దమ్మా, బైండింగుకి ఇచ్చారు."

"అందులో ఎవరూ ఏమీ రాయలేదు కదా?"

గుట్టు బయటపడుతుందని నా భయం. మీ పుస్తకంలో మేమెందుకు రాస్తామని నవ్వేశాను. ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసి, మీ నాన్న కులాసానా అని అడిగి వెళ్లిపోయింది.

పద్నాలుగో చీటీ మా నాన్నది. సభకు ముందు రోజు వచ్చింది. ఆయన ముప్ఫై ఏళ్లు లారీ నడిపాడు, కానీ సూది చూస్తే చిన్నపిల్లాడే. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక బతిమాలి ల్యాబుకు తీసుకెళ్తే, కళ్లు గట్టిగా మూసుకుని వేలు చాపాడు.

"పెద్దమ్మ నన్నెప్పుడూ రక్తం అడగలేదు తల్లీ. నువ్వు బండి తోలితే చాలనేది. నాకు యాక్సిడెంటు అయినప్పుడు రక్తం తెచ్చిందీ ఆవిడే."

గాజు పలక మీద రెండు చుక్కలూ గడ్డకట్టాయి. ఏబీ. నాది ఓ గ్రూపు. ఏబీ గ్రూపు తండ్రికి ఓ గ్రూపు బిడ్డ పుట్టదు, అది మా చదువులో మొదటి ఏడాది పాఠం. మళ్లీ చేశాను. మళ్లీ ఏబీనే.

సరిగ్గా రాలేదు నాన్నా అన్నాను. మళ్లీ పొడుస్తావా అంటూ ఆయన వేలు దాచుకున్నాడు. ఆ వేలు పట్టుకునే నేను నడక నేర్చుకున్నాను. అమ్మ మీద నాకు కోపం రాలేదు. ఈయనకు తెలిస్తే ఏమైపోతాడోనన్న భయం ఒక్కటే పట్టుకుంది.

యాక్సిడెంటప్పుడు రక్తం తెచ్చిన పెద్దమ్మకు నాన్న గ్రూపు తెలియకపోదు. తెలిసే రాయలేదు. తప్పు గ్రూపు రాస్తే ప్రాణం పోవచ్చు, పిల్లల గడుల పక్కన నిజం రాస్తే కాపురం పోవచ్చు. అందుకే ఖాళీగా వదిలేసింది. అలాంటివి ఇంకో పదమూడు ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది.

ప్రెస్సుకు ఫోన్ చేశాను. మా పేజీ ఒక్కటే మిగిలిందని, తక్కినవన్నీ అచ్చయ్యాయని చెప్పాడు ప్రెస్సు యజమాని.

"ఏమన్నా తేడా ఉంటే చెప్పండి మేడమ్, మొత్తం ఆపేస్తా. ఇంకా కుట్టలేదు."

ఆపమంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ముందు మా ఇంటి మీదే పడతారు. మా నాన్న గడి ఖాళీగా ఉంచెయ్యండి, మిగతాది కానివ్వండి అన్నాను.

మర్నాడు సభలో కుర్చీకొక పుస్తకం పెట్టారు. ఖాళీలన్నీ నింపామని సెక్రటరీ మైకులో గర్వంగా చెబుతుంటే జనం చప్పట్లు కొట్టారు, ఎవరి పేజీ వాళ్లు వెతుక్కున్నారు. నాన్న మా పేజీ తెరిచి, నన్ను మర్చిపోయారే అని అందరికీ చూపించి నవ్వాడు. పెద్దమ్మ వేదిక మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతోంది. జ్ఞాపిక పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే. కొన్ని పేజీల దగ్గర ఆవిడ వేలు ఆగింది. మా పేజీ దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

"అయితే నీకు తెలిసిందన్నమాట," అంది నాకొక్కదానికే వినిపించేలా. "తెలిసీ మీ ఇల్లొక్కటే దాచుకున్నావా అమ్మాయ్?"

నేను పళ్లెంతో జనం వైపు తిరిగాను. మూడో వరుసలో నర్సింగు చదివే పిల్ల ఒకతి పేజీ మీద వేలు పెట్టి తల్లిని ఏదో అడుగుతోంది. తల్లి పుస్తకం మూసెయ్యబోయింది. పిల్ల మూయనివ్వలేదు.