గోడకి ఎలా ఉంది?

సర్వేయరంటే చాలామందికి పొలాల గట్లు కొలిచేవాడే గుర్తొస్తాడు. ఈ కథలో సర్వేయరుగారికి పెళ్లయిన కొత్తలో ఆయన మామగారు కూడా అలాగే అనుకుని, దాయాదులతో ఉన్న సరిహద్దు తగాదా తేల్చమని కొలత గొలుసు తెచ్చి చేతిలో పెట్టాడు.

"నేను ఆ సర్వేయర్ని కాదండీ మామగారూ. ఇన్సూరెన్స్ చేసిన కట్టడం ఏదైనా కూలితే, వెళ్లి ఎంత నష్టమో లెక్క కట్టేవాణ్ణి" అని ఈయన వివరించాడు.

"ఓహో. మరి ఆ లెక్క పెంచి కడతావా, తగ్గించి కడతావా?"

"అది ఇదమిత్థమని చెప్పడానికి లేదండీ."

ఆ రోజు నుంచి మామగారు అల్లుడి ఉద్యోగం ఊసు నలుగురిలో ఎత్తడం మానేశాడు.

ఇన్సూరెన్స్ ఆఫీసులో మాత్రం ఆయనకి మంచి గిరాకీ ఉండేది. అక్కడ ఆయన్ని అందరూ చూద్దాంగారు అనేవారు. ఔననడం, కాదనడం ఆయన నోట ఎవరూ విని ఎరగరు. ఆయన రాసే రిపోర్టుల్లో ప్రతి వాక్యమూ 'కావచ్చును' అని బయల్దేరి 'కాకపోవచ్చును' దగ్గర దిగేది. కర్ర విరగదు, పాము చావదు. కంపెనీ ఆ రిపోర్టు పట్టుకుని డబ్బు ఇవ్వనూవచ్చు, ఎగ్గొట్టనూవచ్చు. ఇంతకంటే మంచి సర్వేయరు ఎక్కడ దొరుకుతాడు?

ఇంట్లోనూ ఇదే వరస. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే, "ఉప్పు ఉన్నట్టే ఉంది. అయితే ఈ రుచి ఉప్పు వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేం" అనేవాడు. ఆవిడ బళ్లో లెక్కల టీచరు. "మా పిల్లలు ఇలాంటి జవాబు రాస్తే సున్నా చుట్టి దానికి కళ్లూ ముక్కూ కూడా గీస్తాను" అనేది.

ఇలా హాయిగా సాగిపోతున్న మనిషికి ఒక గోడ అడ్డం వచ్చింది.

ఊరి మధ్యలో పెద్ద దుకాణాల సముదాయం కడుతున్నారు. స్థలం పల్లంలో ఉందని కంట్రాక్టరు మట్టి పోయించి ఎత్తు చేశాడు. ఆ మట్టి పక్క సందులోకి జారకుండా ఈ చివర నుంచి ఆ చివరకి ఎత్తుగా గోడ కట్టించాడు. నాలుగు వానలు గట్టిగా పడేసరికి మట్టి నాని ఉబ్బింది. గోడ పొట్ట ముందుకు పెట్టి సందు మీదికి ఒరిగింది. కంట్రాక్టరు అదే రోజున ఇన్సూరెన్స్ కంపెనీకి కబురు పెట్టాడు. కంపెనీ చూద్దాంగారిని పంపింది.

కంట్రాక్టరు షెడ్డులో కూర్చోబెట్టి కూల్ డ్రింక్ తెప్పించాడు. గేటు దగ్గర 'సార్' అన్నవాడు, సీసా మూత తీసేటప్పటికి 'బావగారూ' అంటున్నాడు.

"చూశారుగా బావగారూ, గోడ పోయినట్టే. క్లెయిము రాసేయండి."

"పడలేదుగా?"

"పడబోతోంది."

"పడబోవడం నష్టం కాదండీ. పడితేనే నష్టం."

"సరే, అయితే పడనిస్తాం."

"తెలిసి తెలిసి పడనిస్తే అది ప్రమాదం కాదు, నిర్లక్ష్యం. నిర్లక్ష్యానికి పాలసీ వర్తించదు."

"పోనీ, ఇప్పుడే వెనక మట్టి తీయించి, ముందు దుంగలు దన్ను పెట్టిస్తాను. ఆ ఖర్చు ఇస్తారా?"

"దన్ను పెడితే గోడ పడదు. పడకపోతే నష్టం లేదు. నష్టమే లేనప్పుడు ఇవ్వడానికేముంది?"

కంట్రాక్టరు తన కూల్ డ్రింక్ పక్కన పెట్టాడు. "అంటే ఏమిటి బావగారూ? గోడ పడాలి, కానీ పడుతుందని నాకు తెలియకూడదు. అంతేనా?"

"పాలసీ సారాంశం ఇంచుమించు అదే" అన్నాడు చూద్దాంగారు. ఇరవై పేజీల పాలసీని ఇంత పొందిగ్గా చెప్పినవాణ్ణి ఆయన అంతవరకూ చూడలేదు.

గోడని అవతలి వైపు నుంచి కూడా చూడాలి కాబట్టి సందులోకి వెళ్లాడు. గోడ కిందే ఒక రేకుల షెడ్డులో లాండ్రీ ఉంది. నడిపే ఆవిణ్ణి సందులో చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలుస్తారు. గోడకి ఆనుకుని మంచం వేసుకుని ఆవిడ అత్తగారు పడుకుని ఉంది. ఒరిగినప్పటి నుంచి గోడ నీడ మధ్యాహ్నం దాకా మంచం మీదే ఉంటోందని ముసలావిడకి ఆ చోటు మరీ నచ్చింది.

చూద్దాంగారు దారానికి గుండు కట్టి గోడ పైనుంచి వేలాడదీశాడు. దారానికీ గోడ అడుగుకీ మధ్య జానెడు పైగా ఎడం కనబడింది. చాక్‌పీసుతో గుర్తు పెట్టుకున్నాడు.

లాండ్రీ అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చింది. "బాబూ, ఇది పడుతుందా, పడదా?"

"పడుతుందని చెప్పడానికి ఆధారాలు చాలవు. పడదని చెప్పడానికీ చాలవు."

"అదంతా నాకెందుకు బాబూ? మా అత్తని మంచం మార్చమంటారా, వద్దంటారా?"

"అది మీ విచక్షణ."

"విచక్షణ అంటే లేపమనా, ఉంచమనా?"

చూద్దాంగారు గుండు జేబులో వేసుకున్నాడు. "చూద్దాం."

ఇన్సూరెన్స్ ఆఫీసులో దీని మీద మీటింగు పెట్టారు. క్లెయిములు చూసే ఆఫీసరమ్మ గట్టి మనిషి. భాష మీద పట్టున్నది. "మీరు ఒకచోట 'వంగింది' అన్నారు, ఇంకోచోట 'ఒరిగింది' అన్నారు. వంగితే అది గోడ లోపం. ఒరిగితే మట్టి లోపం. ఏది?"

"వంగి ఒరిగిందని..."

"రెండూ అయితే రెండు ఫైళ్లు తెరవాలి."

టీలు రెండు సార్లు వచ్చాయి. చివరికి ఆఫీసరమ్మే దారి చూపింది. గోడ నిలబడి ఉన్నంతకాలం క్లెయిము లేదు. క్లెయిము లేదని రాస్తే కంట్రాక్టరు కోర్టుకెక్కుతాడు. కాబట్టి సర్వేయరు వారం వారం వెళ్లి ఒరుగుడు కొలిచి రావాలి. వెళ్లినప్పుడల్లా ఫీజు.

ఈ ఏర్పాటు అందరికీ నచ్చింది. గోడ సంగతి తేలేదాకా పని ఆపానని కంట్రాక్టరు స్థలం యజమాని దగ్గర గడువు పెంచుకున్నాడు. పని ఆగిందని యజమాని బ్యాంకు దగ్గర వాయిదా వేయించుకున్నాడు. చూద్దాంగారికి ఫీజు ముడుతోంది. ఒక్క గోడ ఒరిగి ఇంతమందిని నిలబెట్టింది.

లాండ్రీ ముసలావిడ మాత్రం ఆయన్ని డాక్టరనుకుంది. ఆవిడకి చెవుడు. ఈయన వారం వారం సంచితో రావడం, గోడని తట్టి చూడడం, ఏదో రాసుకుని పోవడం చూసి అలా ఖాయం చేసుకుంది. రాగానే మంచంలోంచే కేకేసేది.

"ఇవాళ గోడకి ఎలా ఉంది నాయనా?"

"నిలకడగానే ఉందమ్మా" అని గట్టిగా చెప్పేవాడు. ఆవిడ తృప్తిగా అటు తిరిగి పడుకునేది. కోడలు మాత్రం నవ్వేది కాదు. ప్రతి వారమూ అదే అడిగేది. ఈయన ప్రతి వారమూ అదే జవాబు చెప్పేవాడు. పోగా పోగా, బట్టల మీద నీళ్లు చిలకరిస్తూ ఆవిడ తలెత్తకుండా అడగడం మొదలుపెట్టింది. ఆ తలెత్తకపోవడం ఆయనకి ఇంటికెళ్లాక కూడా ముల్లులా గుచ్చుకునేది.

ఒక పొద్దున సన్నగా జల్లు పడుతుండగా వెళ్లాడు. గుండు వేలాడదీయబోయి ఆగిపోయాడు. వెనక చేరే నీళ్లు బయటికి పోవడానికి గోడలో అక్కడక్కడ కన్నాలు వదులుతారు. అన్ని వారాలూ వాటిలోంచి బురదనీళ్లు కారేవి. ఇవాళ వాన పడుతున్నా ఒక్క కన్నంలోంచీ చుక్క రావడం లేదు. మట్టి పూడుకుపోయి, నీళ్లన్నీ వెనకే నిలిచాయన్నమాట. గోడ మధ్యలో కొత్త పగులు. వేలు పెడితే దూరింది.

ఇంజనీరింగు చదివినవాడు. తెలియకేం?

ఆఫీసరమ్మకి ఫోన్ చేశాడు. "మేడమ్, గోడ నిలవదు. కింద మనుషులున్నారు."

"మీరేమీ అనకండి. మీరు అన్నది కంపెనీ అన్నట్టే. రేపు వాళ్లు మీరే ఖాళీ చేయించారని దుకాణం నష్టం అడుగుతారు."

కంట్రాక్టరుకి చేశాడు. "అయ్యయ్యో, నోరు జారకండి బావగారూ! ముందే తెలుసని తేలితే అది ప్రమాదం కాదని మీరేగా చెప్పారు? నా క్లెయిము గంగలో కలుస్తుంది."

ఇన్ని వారాల్లో ఆ ఇద్దరికీ మొదటిసారి మాట కలిసింది. చూద్దాంగారు అడకత్తెరలో పోకచెక్కలా ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. లాండ్రీ అక్క ఆయన వైపు చూసింది, ఏమీ అడగలేదు. అడగడం మానేసినట్టుంది. జల్లుకి షెడ్డు చూరు కిందికి జరిపిన మంచంలోంచి ముసలావిడే తల ఎత్తింది.

"ఇవాళ గోడకి ఎలా ఉంది నాయనా?"

ఆయన గుండు జేబులో వేసుకున్నాడు. నోట్లోకి వచ్చిన పాత మాట ఎందుకో బయటికి రాలేదు.

"బతకదమ్మా!" అని అరిచాడు. "లేవండి! అందరూ బయటికి నడవండి! ఇది పడుతుంది!"

సందంతా తలుపులు తెరుచుకుంది. తానే మంచం ఒక కొస పట్టుకున్నాడు, కోడలు రెండో కొస పట్టుకుంది. "నీడ పోతుందే, నీడ పోతుందే!" అని ముసలావిడ మొత్తుకుంటున్నా వినకుండా సందు చివరకి మోశారు. తరువాత జనాల బట్టల మూటలు మోశాడు. ఎవరిదో పెళ్లికోటు భుజాన వేసుకుని, వానలో, బురదలో, ఆయన పరుగెత్తడం చూసినవాళ్లు ఆ రోజంతా చెప్పుకున్నారు.

గోడ పడలేదు.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. సాయంత్రానికి ఎండ కూడా కాసింది. గోడ నిక్షేపంగా నిలబడి ఉంది. ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు పొయ్యి వెలగలేదని, బేరం పోయిందని తిట్టడం మొదలుపెట్టారు. కంట్రాక్టరు వచ్చి, "ఏమయ్యా, జోస్యం కూడా మొదలెట్టావా?" అన్నాడు. బావగారు ఒక్క పూటలో 'ఏమయ్యా'లోకి దిగిపోయాడు.

ఇంటికి వెళ్లి భార్యకి అంతా చెప్పి, తల పట్టుకుని కూర్చున్నాడు. "పరువు పోయింది. పడకపోతే ఏం చేయను?"

"పడాలని కోరుకుంటున్నారా?"

"పడకూడదనే ఉంది. పడితే బాగుండుననీ ఉంది."

"లెక్క తప్పా, ఒప్పా? అది చెప్పండి."

"ఒప్పే" అన్నాడు. ఆ మాట ఆయన నోట అంత పొట్టిగా రావడం చూసి ఆవిడ ఇంకేమీ అడగకుండా అన్నం వడ్డించింది.

మర్నాడు లాండ్రీ అక్క తప్ప అందరూ ఇళ్లకి తిరిగి వెళ్లబోతుంటే, ఆయన సందు మొదట్లో స్టూలు వేసుకుని కూర్చుని ఎవర్నీ గోడ వైపు పోనివ్వలేదు. తిట్లు తిన్నాడు. ఒకాయన చొక్కా కూడా పట్టుకున్నాడు. ఆ పై రోజు, ఎండ చురచురలాడుతుండగా, వానా లేదు గాలీ లేదు, గోడ ఒక్కసారి మూలిగినట్టయింది. చప్పుడు ఆగేసరికి సందులో మట్టి తప్ప ఇంకేమీ కనబడలేదు. రేకుల షెడ్డూ, ఇస్త్రీ బల్లా అడుగున పడ్డాయి. ఒక్క మనిషికీ గీరు కూడా పడలేదు. చొక్కా పట్టుకున్నాయన వచ్చి కాలరు సరిచేసి వెళ్లాడు.

తరువాత మీటింగు జరిగింది. సర్వేయరు ముందే బహిరంగంగా ప్రకటించాడు కాబట్టి గోడ పడడం ఆకస్మికం కాదని, క్లెయిము చెల్లదని ఆఫీసరమ్మ తేల్చింది. కంట్రాక్టరు లబోదిబోమన్నాడు. పొరుగువాళ్లకి నష్టం జరిగితే ఇచ్చే భాగం ఒకటి పాలసీలో ఉంది కదా అని గుర్తు చేశాడు.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" అంది ఆఫీసరమ్మ.

"లేదండీ."

"మరి?"

"ఈయన తొందరపడకపోతే తగిలేవేమోనండీ!" అన్నాడు కంట్రాక్టరు. గదిలో ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు సాలోచనగా తలలు కూడా ఊపారు.

లాండ్రీ అక్క తన బల్ల, షెడ్డు సంగతి అడిగింది. గోడ పడుతుందని తెలిసి కూడా బల్ల ఎందుకు తీయలేదని ఎదురు ప్రశ్న వేశారు. "అత్తని తీయనా, బల్లని తీయనా?" అంది ఆవిడ. దాన్ని నమోదు చేసుకున్నారు. చూద్దాంగారి పేరు సర్వేయర్ల పట్టీలోంచి తీసేశారు. కారణం: పరిధి మించి అభిప్రాయం వెలిబుచ్చుట.

ఆయనకి కోపం వచ్చింది. కోపం వచ్చిందని ఆయనకే ఆలస్యంగా తెలిసింది. లాండ్రీ అక్క తరఫున తానే కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఏ గదిలో ఏ మాటతో తప్పించుకుంటారో ఆయనకి కరతలామలకం. సగం మాటలు ఆయన నేర్పినవే. వాళ్లు 'కావచ్చును' అనకముందే ఈయన 'అయింది' అనేవాడు. విసిగి విసిగి, చివరికి బల్లకీ షెడ్డుకీ డబ్బిచ్చారు. బల్ల పాతదని సగం కోసుకున్నారనుకోండి. అక్క సందుకి అవతల గది అద్దెకి తీసుకుని మళ్లీ లాండ్రీ తెరిచింది.

ఇప్పుడాయన ఇళ్లూ గోడలూ చూసి, గట్టివో కావో చెప్పే పని చేస్తున్నాడు. సంపాదన అంతంతమాత్రం. మొన్న ఒకాయన అమ్మకానికి పెట్టిన మేడ చూపించాడు. చూద్దాంగారు స్తంభాలు తట్టి చూసి, "రెండు స్తంభాలు పుచ్చాయి. ముందు బాగు చేయించండి" అన్నాడు.

"అదేమిటి సార్, బాగానే ఉందని రాసిస్తారని పిలిస్తే!" అన్నాడు ఇంటాయన. "పోనీ, ఉండవచ్చును అని రాయండి."

"అలా రాయడం మరిచిపోయానండీ."

ఫీజు ఇవ్వకుండానే ఇంటాయన తలుపు వేసుకున్నాడు. అప్పటికే భోజనం వేళ దాటిపోయింది. ఆయన ఆ ఫీజు డబ్బుతోనే ఇంటికి సరుకులు తెస్తానని భార్యకి చెప్పి వచ్చాడు. ఉసూరుమంటూ మెట్లు దిగాడు. తరువాత పక్కింటి వాకిట్లో ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచి, ఆ మేడ గోడకి దూరంగా ఆడుకోమని చెప్పి, బస్సు కోసం నడిచాడు.